సాసర్లో మూడు ఉంగరాలు

మేస్త్రి తన బల్ల మీదే తల వాల్చి చనిపోయి ఉన్నాడు. వెనకనుంచి ఒకే ఒక్క గుండు. సైలెన్సర్ వాడి ఉంటారు, ఎందుకంటే పక్క గదిలో లేత్ మెషీన్ దగ్గర ఉన్నవాడికి ఏమీ వినిపించలేదు. నిన్న సాయంత్రం నాలుగింటికి జరిగిన హత్య ఈ ఉదయం ఎనిమిదింటికి గానీ బయటపడలేదు. పనిలో ఉండగా తలుపు తడితే మేస్త్రి కరిచినంత పని చేస్తాడు. అందుకే ఎవరూ తట్టలేదు.

"ఏదీ ముట్టుకోకు," అన్నాడు చీఫ్.

"ముట్టుకోలేదు," అన్నాడు బూడిద.

బూడిద అనేది కోడ్ నేమ్ కాదు. గూఢచారి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కోడ్ నేమ్ వేరే ఉంది, దాన్ని ఫైళ్ళలో తప్ప ఎవరూ వాడరు. ఆరేళ్ళ కిందట అతను ఇదే వర్క్‌షాప్‌లో, ఇదే మేస్త్రి చేతికింద బ్యాటరీ ప్యాకులు బిగించేవాడు. ఒక రోజు తొందరలో ఒక వైర్‌లెస్ సెట్‌కి ప్యాక్ బిగించాడు. ఆ సెట్ భుజాన వేసుకుని ఫీల్డ్‌కి వెళ్ళింది అతని భార్యే. అక్కడ సెల్ వేడెక్కింది. మంట ఆమె ఎడమ చెంప మీదుగా పోయింది. ప్రాణం దక్కింది. ఎడమ కన్నూ, కాపురమూ దక్కలేదు. ఆ రోజు నుంచి అందరూ అతన్ని బూడిద అంటారు. మొహం మీదే అంటారు. అతనూ పలుకుతాడు.

చూడబోతే తప్పు చిన్నదే. లిథియం సెల్ అంటే వేలెడంత స్టీలు గొట్టం. ప్లస్ వైపు టోపీ కింద సన్నటి సందులుంటాయి. లోపల ఏదైనా తేడా వస్తే గ్యాసూ మంటా అక్కడినుంచే బయటికి తన్నుకొస్తాయి. మేస్త్రి దాన్ని 'నోరు' అనేవాడు. "నోరు మనిషి వైపు పెట్టకురా. పక్క సెల్లు వైపూ పెట్టకు. అది తిట్టాలనుకున్న రోజున గోడని తిట్టుకోవాలి," అని రోజుకు పదిసార్లు చెప్పేవాడు. ఆ రోజు బూడిద ప్యాక్‌ని తిరగేసి బిగించాడు. నోళ్ళన్నీ భార్య చెంప వైపు తిరిగి ఉన్నాయి.

చీఫ్ బ్రీఫింగ్‌లో ఒక్క మాట కూడా వృథా పోదు.

"నిఘంటువు పదకొండింటికి కమిటీ ముందుకు వస్తుంది. పందొమ్మిది పేర్లు. మన కుర్చీల్లో కూర్చుని అవతలి దేశానికి పనిచేస్తున్నవాళ్ళవి. కాగితం మీద ఎక్కడా లేవు. ఆవిడ తలలో ఉన్నాయి. కమిటీ కూర్చునేది ఒక్కసారే. పదకొండింటికి ఆవిడ లోపలికి రాకపోతే లేచిపోతుంది. మధ్యాహ్నానికల్లా ఆ పందొమ్మిది మందీ సరిహద్దు దాటేస్తారు."

"మేస్త్రికీ దానికీ సంబంధం?"

"మేస్త్రి చేసిన ఆఖరి పని ఆవిడ చక్రాల కుర్చీకి కొత్త ప్యాక్. మూడున్నరకి రిజిస్టర్లో సంతకం పెట్టాడు. నాలుగింటికి పోయాడు. అయిదున్నరకి ప్యాక్ బిగించిన కుర్చీ ఆవిడ ఇంటికి చేరింది. తెచ్చినవాడు హెల్మెట్ తియ్యలేదు."

"ఫోన్ చేసి దింపెయ్యమనండి."

"ఎవరికి చెయ్యను? ఆ బిల్డింగ్‌లో ఎవరెవరు ఆ పందొమ్మిదిలో ఉన్నారో నాకేం తెలుసు? నువ్వు లేవని మాత్రం తెలుసు."

"అంత నమ్మకమా?"

"నువ్వుంటే ఆవిడ ఆర్నెల్ల కిందటే ఊరంతా టముకు వేసి చెప్పేది."

అది నిజమే. నిఘంటువు అతని అత్తగారు. మూడు భాషల్లో కోడ్‌లు విప్పుతుంది, ఒకసారి విన్నది మరిచిపోదు. కాళ్ళు చచ్చుబడి నాలుగేళ్ళయినా బుర్ర చురుకు తగ్గలేదు. అల్లుడి మీద కోపం కూడా ఆ మరిచిపోని లెక్కలోదే.

బూడిద బల్లని మరోసారి చూశాడు. మేస్త్రి కుడిచేతి పక్కన సాసర్లో ఆయన వాచీ, పెళ్ళి ఉంగరం ఉన్నాయి. ఈ వర్క్‌షాప్ ఆచారం అది. ప్యాక్ తెరిచే ముందు ఒంటి మీద లోహమేదీ ఉండకూడదు. ఉంగరం రెండు టెర్మినళ్ళ మధ్య ఆనిందంటే క్షణంలో ఎర్రగా కాలి వేలిని తీసుకుపోతుంది. మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకి ఇది ఆలోచించి చేసే పని కాదు, చెయ్యి దానంతటదే చేస్తుంది. బూడిదకి ఈ రోజుకీ తాళంచెవి పట్టుకునే ముందు వాచీ మీదకి చెయ్యి పోతుంది.

బల్లకి అవతలి వైపు ఇంకో సాసర్ ఉంది. ఖాళీగా.

"ఎవరో టీ తాగి ఉంటారు," అన్నాడు చీఫ్.

"మేస్త్రి బల్ల మీద టీయా? కప్పు తీసి నెత్తిన కొట్టేవాడు. ఇక్కడ సాసర్లు టీకి కాదు. ఎదురుగా కూర్చుని ఎవరో పని నేర్చుకుంటున్నారు సార్. నేర్చుకుంటామంటే చాలు, ఈయన ఎవరినీ కాదనడు. నేర్చుకోవడం అయిపోయాక కాల్చేశారు."

చీఫ్ గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ ఇరవై. "మీసం పెట్టుకుని వెళ్ళు," అన్నాడు.

*

పదీ ఇరవై అయిదుకి కుర్చీల కంపెనీ సర్వీస్ మనిషి ఒకడు కమిటీ బిల్డింగ్ గేటు ముందు నిలబడ్డాడు. బూడిదరంగు ఓవరాల్, దట్టమైన మీసం, చేతిలో పనిముట్ల సంచి. జేబులో థర్మామీటర్ పెన్ను. చూడ్డానికి మామూలు పెన్నే, దేని మీద గురిపెడితే దాని వేడి చెబుతుంది. డిపార్ట్‌మెంట్ గాడ్జెట్లలో నిజంగా పనిచేసేది అదొక్కటే.

"లిఫ్టు రిపేరా?" అన్నాడు గేటు గార్డు.

"లిఫ్టు కాదు, మెట్లు రిపేరు."

కోడ్ కుదిరింది. గార్డు మొహం మాత్రం ఏమీ కుదుటపడలేదు. ఒక విజిటర్ కార్డు విసిరినట్టు ఇచ్చాడు. "పోగొట్టావంటే ఇక్కడే పడుంటావు. లోపల పనిచేసేవాళ్ళకి పాస్ ఉంగరంలో ఉంటుంది. ఈ గేటుకి మొహాలు తెలీవు, ఉంగరం ఆనిస్తేనే తెరుచుకుంటుంది. వచ్చేటప్పుడూ అంతే, పోయేటప్పుడూ అంతే. మొన్న డైరెక్టర్ గారే ఉంగరం బాత్రూమ్‌లో మరిచిపోయి గంటసేపు నన్ను తిట్టారు. నేనేం చెయ్యను?"

మూడో అంతస్తులో వెయిటింగ్ రూమ్ నాలుగడుగులేస్తే అయిపోయేంత ఉంది. ఒక వైపు గోడకి సున్నం కూడా లేని ఇటుకలు. ఇనప బీరువా, టీ కప్పులున్న చిన్న బల్ల, తలుపు పక్కన ఎర్ర ఇసక బకెట్, కిటికీకి ఊచలు. ఎదురుగా తోలు అతికించిన కమిటీ తలుపు. దాని మీద ఎర్ర లైటు వెలుగుతోంది. ఆ తలుపుకి టైమ్ లాక్ ఉంది. పదకొండుకి ఒక్క క్షణం ముందు కూడా, ప్రధానమంత్రి వచ్చి తన్నినా తెరుచుకోదు.

గది మధ్యలో చక్రాల కుర్చీలో నిఘంటువు కూర్చుని ఉంది. చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. ఆవిడ పక్కన నెమలి నిలబడి ఉంది.

నెమలి డబుల్ ఏజెంట్. అవతలివాళ్ళ దగ్గర మనకోసం పనిచేస్తోందని మనవాళ్ళు అనుకుంటారు, మన దగ్గర వాళ్ళకోసం చేస్తోందని వాళ్ళనుకుంటారు. సిల్కు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, కుడిచేతికి మూడు ఉంగరాలు. సోమవారం నుంచి నిఘంటువుకి ఎస్కార్ట్ ఆమే. ఆమె గదిలోకి వస్తే మగవాళ్ళు టై సర్దుకుంటారు. బూడిద మాత్రం రెండేళ్ళ కిందట ఆమె ఇచ్చిన అడ్రసుకి వెళ్ళి భుజంలో గుండు తెచ్చుకున్నాడు. "పొరపాటైంది," అందామె అప్పట్లో.

"కుర్చీ సర్వీసుకి వచ్చానండీ," అన్నాడు బూడిద గొంతు మార్చి.

"మీసం నీకు నప్పలేదు అల్లుడూ," అంది నిఘంటువు తల కూడా ఎత్తకుండా.

మారువేషం సంగతి అక్కడితో ముగిసింది. అతను మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు.

"అత్తయ్యా, ఒకసారి కుర్చీ దిగండి. ప్యాక్ చూడాలి."

"నువ్వు చూసినవి చాలు. నీ పనితనం మా అమ్మాయి రోజూ అద్దంలో చూసుకుంటోంది, ఉన్న ఒక్క కన్నుతో."

ఆరేళ్ళుగా వింటున్న మాటే. అయినా అతనికి అలవాటు కాలేదు. ప్రతిసారీ అంతే నొప్పిగా ఉంటుంది.

"మీ ఇంటి గొడవలు కమిటీ అయ్యాక చూసుకోండి," అంది నెమలి. "బ్యాటరీ అంటే నాకు టార్చిలైటు తప్ప తెలీదు గానీ, కుర్చీ మాత్రం పొద్దుటినుంచి శుభ్రంగా తిరుగుతోంది."

"మేస్త్రి చచ్చిపోయాడు," అన్నాడు బూడిద.

నెమలి కళ్ళద్దాలు కదల్లేదు. నిఘంటువు మాత్రం మొదటిసారి అతని మొహంలోకి చూసింది. మేస్త్రి ఆవిడకి ముప్పయ్యేళ్ళుగా తెలుసు.

"దిగను," అంది ఆవిడ. "కూర్చునే ఉంటా. నువ్వు చూడు. నేను నిన్ను చూస్తుంటా."

అతను వాచీ విప్పి బల్ల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని సీటు కిందికి వంగాడు. ప్యాక్ పెట్టె మీద ఎర్ర పెయింట్‌తో బాణం ఉంది. నోళ్ళు ఏ వైపు ఉన్నాయో మేస్త్రి అలా గీసేవాడు. బాణం వెనక్కి, మనిషికి దూరంగా చూపిస్తోంది. అంతా సవ్యంగానే ఉన్నట్టుంది. కానీ మేస్త్రి మూత మూసిన తర్వాతే బాణం గీస్తాడు, గీత మూత మీదనుంచి పెట్టె మీదకి ఒకే బిగిన దిగుతుంది. ఇక్కడ ఆ గీత అతుకు దగ్గర వెంట్రుకవాసి తప్పింది. ఎవరో మూత తీసి మళ్ళీ మూశారు.

వెనక గాలి సందుల్లోంచి టార్చి వేశాడు. నోళ్ళు కనబడాల్సిన చోట ఒక్కటీ లేదు. సెల్స్ అన్నీ పైకి నిలబడి ఉన్నాయి. నోళ్ళు సీటు వైపు, అంటే సరిగ్గా ఆవిడ తొడల కింద. సెల్‌కీ సెల్‌కీ మధ్య ఊపిరాడేంత సందు ఉండాలి, హోల్డర్ ఉండాలి. అక్కడ రెండూ తీసేసి పక్కపక్కనే ఇరికించి జిగురు పోశారు. ఒకటి అంటుకుంటే ఇరవై నాలుగూ అంటుకుంటాయి. మూలన వేలెడు పెట్టె ఒకటి, దానిలోంచి రెండు వైర్లు. ఆరేళ్ళ కిందట తను తొందరలో చేసిన తప్పునే ఎవరో తీరిగ్గా, అందంగా చేశారు. రేపు ఇది పేలితే పాపం ఎవరి ఖాతాలో పడాలో కూడా ఆలోచించే చేశారు.

మీట ఎవరి చేతిలో ఉందో తెలీదు గనక కంగారు బయటపడనివ్వకుండా, ప్యాక్ ఉన్న ట్రే బోల్టులు రెండు విప్పాడు. టైము పదీ యాభై రెండు.

"నెమలీ, ఆ చివర పట్టుకో. ఇనప పెట్టెతో కలిపి పన్నెండు కిలోలుంటుంది, ఒక్కణ్ణే లాగితే ఒరిగిపోతుంది."

"నేనా?"

"ఇంకెవరున్నారు?"

ఆమె విసుగ్గా బల్ల దగ్గరికి వెళ్ళింది. ఒక టీ కప్పు పక్కకి జరిపి, దాని సాసర్లో ఒక ఉంగరం పెట్టింది. రెండోది. మూడోది. సన్నటి వాచీ కూడా విప్పి వాటి పక్కన పెట్టి వచ్చి, ట్రే అంచు మీద చెయ్యి వేసింది.

బూడిద ట్రే వదిలేసి ఆ సాసర్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"టార్చిలైటు పట్టుకునే ముందు కూడా ఉంగరాలు తీస్తావా?" అన్నాడు.

నెమలి తన బోసి వేళ్ళని తనే ఎవరివో అన్నట్టు చూసుకుంది. తర్వాత నవ్వింది.

"ముసలాడు మరీ చాదస్తం. రెండు నెలలు, రోజూ అదే పాట. ఒంట్లోకి ఎక్కించేశాడు."

"అంత నేర్పినందుకు గుండు బహుమానమా?"

"నేర్చుకోవడం అయిపోయింది మరి."

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తియ్యలేదు, అడుగు నొక్కింది. క్లిక్. సీటు కింద ఏదో సన్నగా జుమ్మంది. "కమిటీ గదిలో నలుగురూ పోవాల్సింది, ఇద్దరితో సరిపెట్టుకుంటా," అంటూ బయటికి దూకి తలుపు లాగి గడియ పెట్టేసింది.

పెన్ను గురిపెట్టాడు. ముప్పై ఎనిమిది డిగ్రీలు. నలభై నాలుగు. పదీ యాభై నాలుగు.

"అత్తయ్యా, మెడ పట్టుకోండి."

"నువ్వు నన్ను..."

అతను ఆ మాట పూర్తి కానివ్వలేదు. ఆవిడని అమాంతం ఎత్తి ఇనప బీరువా వెనక నేల మీద దింపాడు. వెనక్కి వచ్చి ట్రే లాగాడు. రాలేదు. మూడో బోల్టు ఒకటుంది, దానికీ జిగురు పోశారు. యాభై తొమ్మిది.

"కదలట్లేదా?" అంది ఆవిడ బీరువా వెనకనుంచి.

"లేదు."

"ఇంద." చేతికర్ర నేల మీద జారుకుంటూ వచ్చింది. "విరిచావంటే ఊరుకోను."

కర్ర కొన ట్రే కింద దూర్చి ఒళ్ళంతా వేసి ఎత్తాడు. కర్ర మూలిగింది. బోల్టు తెగింది. ఎనభై. సంచిలోని గుడ్డతో పట్టుకున్నా పెట్టె చేతుల్ని కాలుస్తోంది. కిటికీ అద్దం పగలగొట్టగలడు గానీ ఊచల్లోంచి పెట్టె పట్టదు. ఇక ఆపడమన్నది అయ్యే పని కాదు. ఏ వైపు తిట్టాలో మాత్రం ఇంకా అతని చేతిలోనే ఉంది.

మూత క్లిప్పులు పీకేశాడు. పెట్టెని ఇటుక గోడ దగ్గరికి ఈడ్చి పక్కకి పడుకోబెట్టాడు, తెరిచిన వైపు గోడకి.

"ఏం చేస్తున్నావు?" ఆవిడ గొంతు పదునెక్కింది. "బాణం ఇటు వైపు చూపిస్తోంది. నోళ్ళు నా మీదకి పెడుతున్నావు."

"బాణం అబద్ధం అత్తయ్యా."

"మరి దేన్ని నమ్మమంటావు?"

"నన్ను."

ఆ మాటకి ఆవిడ మొహం ఎలా పెట్టిందో చూసే తీరిక అతనికి లేదు. నూట ఆరు. చేతులు పెట్టెని గోడకి పూర్తిగా ఆనించెయ్యమని తొందరపెట్టాయి. ఆనించలేదు. నోరు మూస్తే అది బాంబు అవుతుంది. జానెడు సందు వదిలాడు. ఎర్ర బకెట్ ఇసకంతా పెట్టె వెనకా పక్కలా గుమ్మరించాడు. కర్రతో కిటికీ అద్దం పగలగొట్టాడు. టీ కెటిల్లో నీళ్ళతో జేబురుమాలు తడిపి ఆవిడ మొహానికి అడ్డం పెట్టి, బీరువా వెనక ఆవిడ మీద వంగి వీపు గదికి తిప్పాడు.

"నీ మోచెయ్యి నా మోకాలి మీద ఉంది," అంది ఆవిడ తడిగుడ్డలోంచి.

బుస్సుమని మొదలైంది. మొదటిది, రెండోది, తర్వాత లెక్క దొరకలేదు. తెల్లటి మంట ఇటుకల మీదకి ఎగదన్ని, గోడ వెంబడి పైకి పాకింది. గది కొలిమిలా అయిపోయింది. మెడ వెనక వెంట్రుకలు కమురుతున్న వాసన అతనికి తెలుస్తోంది. భయం వేసింది. తనకేమవుతుందోనని కాదు. ఈ మనిషికి కూడా ఏమైనా అయితే, భార్యకి మిగిలిన ఆ ఒక్క కంటికి ఏ మొహం పెట్టుకుని కనబడాలోనని. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

కాసేపటికి చప్పుడు ఆగింది. పొగ కిటికీలోంచి బయటికి పోతోంది. ఎక్కడో ఫైర్ అలారం మోగుతోంది. ఇటుక గోడ మీద నిలువెత్తు నల్ల మరక. గదిలో మరేదీ కాలలేదు. బల్ల మీద సాసర్ కూడా అలాగే ఉంది, మూడు ఉంగరాలతో.

తోలు తలుపు మీద లైటు పచ్చబడింది. తాళం టక్కుమంది. పదకొండు.

కుర్చీ తొయ్యబోతే కదల్లేదు. పవర్ లేకపోతే దాని చక్రాలు లాక్ అయిపోతాయి. నిఘంటువు అతని వైపు చూసింది, తలుపు వైపు చూసింది, పళ్ళు కొరికింది.

"ఎత్తుకో," అంది. "ఎత్తుకోమన్నానని రేపు ఊరంతా చెప్పుకోకు."

కమిటీ సభ్యులు ముగ్గురూ తలెత్తి చూసేసరికి, వెనక జుట్టు కమిరిన ఒక సర్వీస్ మనిషి ఒక పెద్దావిడని మోసుకొచ్చి వాళ్ళ ఎదుట కుర్చీలో జాగ్రత్తగా దింపుతున్నాడు. తలుపు మళ్ళీ మూసుకుంది.

బయటికి వచ్చేసరికి కారిడార్ నిండా గార్డులు. గడియ తీసినవాడు గేటు గార్డుతో ఫోన్‌లో ఉన్నాడు.

"కింద ఒకామె ఉందట సార్. బయటికి పోవాలని పది వేళ్ళూ ఒక్కొక్కటే మెషీన్‌కి ఆనించి చూస్తోందట. పొరపాటున ఉంగరం ఎక్కడో మరిచిపోయిందట. ఏం చెయ్యమంటారు?"

"ఎవరైనా వచ్చేదాకా ఆనించనీ," అన్నాడు బూడిద.

పన్నెండు దాటాక తలుపు తెరుచుకుంది. నిఘంటువు మొహంలో అలసట ఉంది, శాంతం మాత్రం లేదు. అతను వంగాడు. ఆవిడ మెడ పట్టుకుంది.

"పందొమ్మిదీ చెప్పారా?"

"ఇరవై."

నల్లబడ్డ గోడ దగ్గర ఆవిడ అతని భుజం తట్టి ఆపింది. మరకని కింది నుంచి పైదాకా చూసింది. వేలితో ముట్టుకుని మసి చూసుకుంది. ఆవిడ కళ్ళు తడిశాయి. పొగ అనుకోమన్నట్టు గట్టిగా దగ్గింది.

"అమ్మాయి అడిగితే ఏం చెబుతారు?" అన్నాడు. ఆరేళ్ళలో భార్య గురించి అతను ఆవిడని అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఈసారి గోడ కాలిందని చెబుతా."

అతను మెట్ల దాకా నడిచాడు. మొదటి మెట్టు దిగబోతుంటే ఆవిడే అంది.

"కుర్చీకి కొత్త ప్యాక్ కావాలి. నువ్వే బిగించు."

అతని అడుగు తడబడింది.

"సరిగ్గా పట్టుకో, పడేసేలా ఉన్నావు. మూత మీద సంతకం పెట్టడం మరిచిపోకు. రేపేదైనా అయితే ఎవర్ని తిట్టాలో నేను వెతుక్కోకూడదు."